ఆయాసంతో వచ్చిన రోగికి డీ-డైమర్: కర్నూలు, నంద్యాల జిల్లాల డాక్టర్లకు, ల్యాబ్ యజమానులకు, ఆరోగ్యశాఖ అధికారులకు బహిరంగ లేఖ

విషయం: ఛాతీనొప్పి, ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చేవారికి డీ-డైమర్ రక్తపరీక్ష రాసే తీరు, చేసే తీరు మార్చాలని, రాత్రివేళ కూడా ఆ పరీక్ష అందుబాటులో ఉంచాలని కోరుతూ.

గౌరవనీయులైన అయ్యలకు, అమ్మలకు నమస్కారం.

నేను కర్నూలు జిల్లాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, మిషన్‌లో పెట్టడం, రిపోర్టు ఇవ్వడం నా పని. జబ్బు తేల్చేది, మందు రాసేది మీరు. మీరు రాసిన చీటీ నా దగ్గరికొస్తుంది, నేనిచ్చిన కాగితం మీ దగ్గరికి పోతుంది. ఈ రెండింటి మధ్య జనం ఎంత నలిగిపోతున్నారో రోజూ చూస్తున్నాను కాబట్టే రాస్తున్నాను.

ఈ సంగతి మీద కొందరు తోటి టెక్నీషియన్లతో కలిసి ఇదివరకే అధికారులకు అర్జీ పెట్టుకున్నాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు వెళ్లి అడిగితే అది డాక్టర్లు చూసుకోవాల్సిన విషయం అన్నారు. డాక్టర్లను అడిగితే పైనుంచి ఆర్డరు రావాలన్నారు. ల్యాబు యజమానులేమో డాక్టరు రాసింది చేయడమే మా పని అన్నారు. ముగ్గురూ చెప్పింది వాళ్ల వాళ్ల వరకు నిజమే. అందుకే ముగ్గురికీ కలిపి, జనం ముందే రాస్తున్నాను.

జబ్బు గురించి మీకు చెప్పేంతవాణ్ని కాదు. ఈ లేఖ చదివే మామూలు జనం కోసం నాలుగు మాటలు. కాలి లోపలి నరాల్లో గడ్డకట్టిన రక్తం అక్కడినుంచి ఊడి, గుండె గుండా వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటుంది. దాన్నే పల్మనరీ ఎంబాలిజం అంటారు. ఉన్నట్టుండి ఊపిరి ఆడదు, గాలి పీల్చినప్పుడల్లా పక్కలో పొడిచినట్టు నొప్పి వస్తుంది, గుండె దడదడలాడుతుంది, కొందరికి దగ్గితే రక్తం పడుతుంది, కొందరు కళ్లు తిరిగి పడిపోతారు. గడ్డ పెద్దదైతే గంటల్లో ప్రాణం పోతుంది.

ఇదేదో పెద్ద ఊళ్ల జబ్బని అనుకునేవాళ్లున్నారు. కాదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగి కాలు విరిగి ఇంట్లో పడుకున్నవాళ్లు, పుత్తూరు కట్టు కట్టించుకుని వారాల తరబడి మంచం దిగనివాళ్లు, ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లు, క్యాన్సర్‌కు మందు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు, గర్భం రాకుండా మాత్రలు వేసుకునేవాళ్లు, వీళ్లందరికీ ఈ ముప్పు ఎక్కువ. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి గుంటూరుకు సుగ్గికి (కూలిపనులకు వలస) పోయేవాళ్లు రాత్రంతా బండ్లలో కాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. ప్రయాణం ఒక్కటే అంత పెద్ద ముప్పు కాదు గానీ, పైన చెప్పిన కారణాల్లో ఏదైనా దానికి తోడైతే తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక పరీక్ష. ఒంట్లో గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు విడిపోయే ముక్కలే డీ-డైమర్. మంచి పద్ధతిలో కొలిస్తే, ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి పైగా ఇది పెరిగే ఉంటుంది. కాబట్టి అనుమానం తక్కువగా ఉన్న రోగికి ఇది తక్కువ వస్తే, గడ్డ లేదని ధైర్యంగా చెప్పి సీటీ స్కాన్ లేకుండానే ఇంటికి పంపొచ్చు. ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. జ్వరం, చీము, దెబ్బలు, ఆపరేషన్, క్యాన్సర్, గర్భం, ముసలితనం, వీటిలో ఏది ఉన్నా అది పెరుగుతుంది. గడ్డ లేదని తేల్చడానికే ఈ పరీక్ష పనికొస్తుంది, ఉందని తేల్చడానికి పనికిరాదు. మా దగ్గర దీన్ని వాడుతున్న తీరు చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంది. దానివల్ల జనానికి ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. అనుమానం బలంగా ఉన్న రోగిని రిపోర్టు కోసం ఆపుతున్నారు.

నేను చూసినదే చెబుతాను. బండి మీదనుంచి పడి కాలు విరిగిన ఒక కూలీ, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కట్టు కట్టించుకుని మూడో వారం. రాత్రి బాత్రూంకని లేచి కళ్లు తిరిగి పడ్డాడు. ఇంటివాళ్లు ఓ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పల్స్ 120 దాటింది. కట్టు పైన తొడ ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి. ఈసీజీ తీసి గుండెపోటు కాదన్నారు, రక్తం తీసి డీ-డైమర్ రాశారు. ఆ వేళకు అక్కడ ఆ పరీక్ష లేదు. తమ్ముడు రక్తం ట్యూబు జేబులో పెట్టుకుని ఊళ్లో ల్యాబులన్నీ తిరిగాడు. అన్నీ మూసేశారు. తెల్లవారి నేను షట్టర్ ఎత్తేసరికి మా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గంటల తరబడి బయట ఉన్న రక్తం, కొత్తగా తీయాలి అన్నాను. ముందు ఇది చూడన్నా అని బతిమాలాడు. చూశాను. 500 లోపు ఉండాల్సింది 4,000 దాటింది. ప్రింటు తీస్తుండగా అతనికి ఫోను వచ్చింది. కాగితం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. అన్న అప్పటికే పోయాడు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ఒక్క డాక్టరు. ఆయన మీద నాకు కోపం లేదు, వార్డు నిండా రోగులున్నారు. నేను అడిగేది ఒకటే. ఆ కుర్రాడికి డీ-డైమర్ అసలు అవసరమా? ఈ గడ్డ ఉందన్న అనుమానం ఎంత బలమైందో లెక్కగట్టే, మీరు చదువుకున్న వెల్స్ స్కోరే తీసుకోండి. కాలి వాపు, నొప్పికి 3. మిగతా జబ్బులకంటే ఇదే అయ్యుంటుందనిపిస్తే 3. పల్స్ 100 దాటితే 1.5. నాలుగు వారాల్లోపు ఆపరేషన్ గానీ, మూడు రోజులు కదలకుండా పడుకుని ఉండటం గానీ ఉంటే 1.5. మొత్తం 9. నాలుగు దాటితే చాలు, డీ-డైమర్ జోలికి పోకుండా నేరుగా సీటీకి పంపాలి, రక్తస్రావం ముప్పు లేకపోతే సీటీ కోసం ఎదురుచూసే లోపే రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు మొదలుపెట్టాలి. ఈ లెక్కకు మిషన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మంచం పక్కన నిలబడి రెండు నిమిషాల్లో వేయొచ్చు. బీపీ పడిపోయిన రోగికైతే ఈ లెక్క కూడా అక్కర్లేదు, మంచం దగ్గరే ఎకో (గుండె స్కాన్) చూసి నిర్ణయం తీసుకోవాలి.

మందు ఎంత తేడా తెస్తుందో 1960లోనే ఇంగ్లండులో బారిట్, జోర్డన్ అనే డాక్టర్లు చూపించారు. మందు ఇవ్వని 19 మందిలో 5 మంది ఆ గడ్డతోనే చనిపోయారు. మందు ఇచ్చిన 16 మందిలో గడ్డ వల్ల ఒక్కరూ చనిపోలేదు. హెపారిన్ మన మందుల షాపుల్లో దొరికే ఇంజెక్షనే. కొరత మందుకు కాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంత బలమైన అనుమానం ఉన్న రోగికి డీ-డైమర్ తక్కువ వచ్చిందనుకోండి, ఆ కాగితం చూసి ఇంటికి పంపేస్తే? అలాంటివాళ్లలో తక్కువ వచ్చినా గడ్డ లేదనడానికి లేదు. జబ్బు మొదలై వారాలు గడిచినా, రక్తం పలచబడే మందు అప్పటికే మొదలుపెట్టి ఉన్నా అంకె తగ్గి కనబడొచ్చు.

2. ముసలివాళ్లను 500 అంకె చూసి సీటీకి తరుముతున్నారు.

మా బంధువుల్లో 74 ఏళ్ల పెద్దావిడ. దగ్గు, కాస్త ఆయాసం. కాలి వాపు లేదు, పల్స్ మామూలుగానే ఉంది, ఆపరేషన్లేమీ లేవు. డీ-డైమర్ 680 వచ్చింది. రిపోర్టు మీద 500 లోపు నార్మల్ అని ఉంటుంది కాబట్టి ఎర్ర అక్షరాల్లో హై అని పడింది. ఆ ఎర్ర అక్షరాలు చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆటో మాట్లాడుకుని, అక్కడినుంచి కారు మాట్లాడుకుని కర్నూలు తీసుకెళ్లారు. అప్పటికే షుగర్ వల్ల ఆమె కిడ్నీలు అంతంత మాత్రం. సీటీ కోసం నరంలోకి రంగు మందు ఎక్కించారు. గడ్డ లేదన్నారు. కొడుకు వేరుశనగ అమ్మిన దుడ్లు ఆ ఒక్క రోజుతో అయిపోయాయి, కిడ్నీల పనితీరు చెప్పే ఆమె క్రియాటినిన్ అంకె తర్వాత కొన్ని వారాలు పెరిగే ఉంది.

యాభై ఏళ్లు దాటినవాళ్లకు వయసును పదితో గుణించి ఆ అంకెను హద్దుగా తీసుకోవాలి. 74 ఏళ్లకు 740. ఆమెకు వచ్చింది 680. అనుమానం ఎటూ తక్కువే, కాబట్టి సీటీ లేకుండానే గడ్డ లేదని చెప్పి పంపాల్సింది. ఈ లెక్క ఎవరో ఊహించి చెప్పింది కాదు. బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్‌లలోని 19 ఆసుపత్రుల్లో 3,346 మంది మీద చూసి 2014లో ప్రచురించారు. 500 దాటినా వయసు హద్దు లోపల ఉన్న 331 మందిని సీటీ లేకుండా, మందు లేకుండా మూడు నెలలు గమనిస్తే, గడ్డ కనబడింది ఒక్కరికి. 75 ఏళ్లు దాటినవాళ్లలో పాత హద్దుతో నూటికి ఆరుగురికే సీటీ తప్పితే, వయసు లెక్కతో దాదాపు 30 మందికి తప్పింది. 2019 నాటి యూరప్ గుండె వైద్యుల మార్గదర్శకాల్లో కూడా ఈ పద్ధతి ఉంది. గుణించడం నాలుగో తరగతి లెక్క. అయినా మా జిల్లాలో ఆ లెక్క వేసిన రిపోర్టు నా కంటపడటం అరుదు.

3. ఆయాసం అంటే చాలు, ప్యాకేజీలో డీ-డైమర్ పడిపోతోంది.

కొవిడ్ కాలంలో సీఆర్‌పీ, ఫెరిటిన్, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలతో డీ-డైమర్ కలిపి ఒకే ప్యాకేజీగా రాసే అలవాటు వచ్చింది. అప్పుడు దాన్ని జబ్బు ఎంత ముదిరిందో చూడటానికి వాడారు. అది వేరే పని. కొవిడ్ పోయింది, ప్యాకేజీ మాత్రం పోలేదు. న్యుమోనియాతో వచ్చినా, డెంగీతో వచ్చినా, రక్తపింజరి కాటుతో వచ్చినా డీ-డైమర్ రాస్తున్నారు. రక్తపింజరి విషానికి డీ-డైమర్ ఎంత పైకి పోతుందో పాముకాటు కేసులు చూసేవాళ్లకు తెలియంది కాదు. దాంతో ఊపిరితిత్తుల గడ్డ గురించి ఏమీ తేలదు.

ప్రైవేటు ల్యాబులో డీ-డైమర్ ఒక్కదానికే వెయ్యి రూపాయలకు అటూఇటూగా అవుతోంది. ఒక మనిషి రెండుమూడు రోజుల కూలి. దానికంటే పెద్ద నష్టం తర్వాత వస్తుంది. అంకె పెరిగిందని సీటీ, సీటీకి వేలు, ప్రయాణం, తోడు వచ్చినవాళ్ల పని చెడటం. అన్నీ అయ్యాక ఏమీ లేదని ఇంటికి పోతారు. ఏమీ లేదన్నారు కదా అని సంతోషించాలో, ఈ ఖర్చంతా ఎందుకయిందని ఏడవాలో వాళ్లకు తెలియదు.

అసలు రక్తపరీక్షే అక్కర్లేనివాళ్లూ ఉంటారు. డాక్టరుకు అనుమానం చాలా తక్కువగా ఉండి, వయసు యాభై లోపు, పల్స్ వంద లోపు, ఆక్సిజన్ 95 గానీ ఆపైన గానీ, దగ్గితే రక్తం లేదు, ఒక కాలికి వాపు లేదు, ఇంతకుముందు గడ్డ లేదు, నాలుగు వారాల్లో ఆపరేషన్ గానీ పెద్ద దెబ్బ గానీ లేదు, హార్మోన్ మాత్రలు లేవు. ఈ ఎనిమిదీ సరిపోతే డీ-డైమర్ కూడా చేయనక్కర్లేదని పెర్క్ పద్ధతి చెబుతుంది. ఫ్రాన్స్‌లోని 14 ఎమర్జెన్సీ విభాగాల్లో ఈ పద్ధతిని పరీక్షించి, రోగులకు నష్టం లేదని 2018లో ప్రకటించారు. పల్స్ ఆక్సీమీటర్ ఇప్పుడు మండల ఆసుపత్రిలోనూ ఉంది. మిగతా ఏడూ అడిగి, చూసి తెలుసుకునేవే.

నెదర్లాండ్స్ వాళ్లు ఇంకా సులువైన దారి చూపించారు. 2017లో 12 ఆసుపత్రుల్లో 3,465 మంది మీద వాడిన ఇయర్స్ అనే పద్ధతి అది. మూడే ప్రశ్నలు. కాలిలో గడ్డ లక్షణాలున్నాయా? దగ్గితే రక్తం పడుతోందా? అన్నిటికంటే ఈ జబ్బే అయ్యుండొచ్చని డాక్టరుకు అనిపిస్తోందా? మూడింటికీ లేదు అయితే 1,000 దాకా పర్వాలేదు. ఒక్కదానికి అవును అన్నా 500 దగ్గరే ఆగాలి. దీనితో సీటీలు నూటికి 14 దాకా తగ్గాయి. అనుమానంతో పరీక్షించిన అంతమందిలో నిజంగా గడ్డ ఉన్నది నూటికి 13 మందికే. ఆ మిగతా 87 మంది గురించే నా బాధ. మన దగ్గర వాళ్లంతా సొంత ఖర్చుతో తిరుగుతున్నారు.

4. రిపోర్టులో అంకె ఉంటుంది, ఆ అంకె దేనిదో ఉండదు.

ఇది నా వృత్తి సంగతి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ల్యాబ్ యజమానులు దయచేసి శ్రద్ధగా చదవండి.

డీ-డైమర్‌ను రెండు రకాల యూనిట్లలో ఇస్తారు, ఎఫ్‌ఈయూ, డీడీయూ. మొదటిది రెండోదానికి దాదాపు రెట్టింపు. ఎఫ్‌ఈయూలో 500 హద్దు అయితే డీడీయూలో 250 దగ్గర హద్దు. ఇదికాక ఒక ల్యాబు నానోగ్రాముల్లో ఇస్తుంది, ఒకటి మైక్రోగ్రాముల్లో, ఇంకోటి లీటరుకు మిల్లీగ్రాముల్లో. ఒకే మనిషికి ఒకచోట 0.6 అని, ఇంకోచోట 600 అని, మరోచోట 300 అని రాసి ఇవ్వొచ్చు. మూడూ ఒకటే కావొచ్చు. ఆ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, జబ్బు వెయ్యి రెట్లు పెరిగిందని వణికిపోయిన మనిషిని నేను చూశాను. దానికంటే ప్రమాదం ఏమిటంటే, డీడీయూలో 400 వచ్చిన కాగితాన్ని చూసి 500 లోపే కదా అని పంపేయడం. నిజానికి అది ఎఫ్‌ఈయూలో 800. వయసు లెక్క, ఇయర్స్ లెక్క, అన్నీ ఎఫ్‌ఈయూలో చెప్పినవే. కాగితం మీద ఆ మూడక్షరాలు లేకపోతే డాక్టరు ఏం చూసి నిర్ణయించాలి?

రెండోది, కార్డు టెస్టులు. గీత పడితే పాజిటివ్, పడకపోతే నెగటివ్. చౌక, తొందరగా వస్తుంది, అందుకే చిన్న ల్యాబుల్లో పెరిగాయి. గీత చూసి చెప్పే కార్డులు, లేటెక్స్ స్లైడ్లు గడ్డ ఉన్నవాళ్లను కూడా వదిలేయొచ్చు. అంకె చెప్పే మిషన్లకు ఉన్న నమ్మకం వాటికి లేదు. అయినా రిపోర్టు మీద రెండిటికీ డీ-డైమర్ అనే ఉంటుంది, ఏ పద్ధతిలో చేశారో ఉండదు.

మూడోది, నీలం మూత ట్యూబు. అందులో సిట్రేట్ అనే ద్రవం ముందే ఉంటుంది. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు ద్రవం. గీత దాకా రక్తం నింపితేనే లెక్క సరిగా ఉంటుంది. ఆయాసపడుతున్న రోగికి నరం దొరకదు, సగం ట్యూబు నింపి పంపేస్తారు. రక్తం సగమే అయితే ద్రవం ఎక్కువై, రక్తం పలచబడి, అంకె తగ్గి కనబడుతుంది. నెగటివ్ వస్తే ఇంటికి పంపే పరీక్షలో అంకె తగ్గి కనబడటం అంటే ఏమిటో ఆలోచించండి. సగం ట్యూబును వెనక్కి పంపితే మాకు తిట్లు. అయినా పంపాల్సిందే. వెనక్కి పంపే టెక్నీషియన్‌ను తిట్టొద్దని ఆసుపత్రి పెద్దలు నర్సింగ్ సిబ్బందికి ఒక్క మాట చెబితే చాలు.

5. గర్భిణులు, బాలింతల ఆయాసాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

కాన్పయ్యాక మొదటి ఆరు వారాలు గడ్డల ముప్పు ఎక్కువ. మా ఊళ్లలో బాలింతకు ఆయాసం వస్తే చలి చేసిందంటారు, రక్తం తక్కువంటారు, గ్యాస్ అని ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. రక్తహీనత నిజంగానే ఎక్కువ కాబట్టి ఆ మాట తీసేయలేం, అందుకే అసలు జబ్బు దాని వెనక దాక్కుంటుంది. అక్కడినుంచి ఆసుపత్రికి వచ్చాక ఇంకో చిక్కు. గర్భంతో నెలలు నిండే కొద్దీ డీ-డైమర్ దానంతట అదే పెరుగుతుంది, కాన్పయ్యాక కూడా కొంతకాలం దిగదు. కొందరు డాక్టర్లు ఆ అంకె చూసి బెదిరి కడుపుతో ఉన్న మనిషిని సీటీకి పంపుతున్నారు. ఇంకొందరు గర్భంలో అది మామూలే అని మొత్తంగా కొట్టిపారేస్తున్నారు. రెండూ తప్పే.

గర్భిణులకు సరిపోయేలా మార్చిన ఇయర్స్ పద్ధతిని 498 మంది మీద పరీక్షించి 2019లో ప్రచురించారు. కాలి లక్షణాలుంటే ముందు కాలికి డాప్లర్ స్కాన్. దానికి రేడియేషన్ లేదు. అక్కడే గడ్డ దొరికితే చికిత్స మొదలు, సీటీ అక్కర్లేదు. తర్వాత ఆ మూడు ప్రశ్నలు, డీ-డైమర్. మొత్తం మీద నూటికి 39 మందికి సీటీ తప్పింది. మొదటి మూడు నెలల వాళ్లలో 65 మందికి, చివరి మూడు నెలల వాళ్లలో 32 మందికి. బాలింతలకు ఈ అంకెలు అలాగే వర్తిస్తాయని నేను అనను, ఆ అధ్యయనం గర్భిణుల మీద. బాలింత విషయంలో అనుమానం ఉంటే పెద్ద డాక్టరును అడగడం ఒక్కటే దారి. అడగడానికి రాత్రిపూట ఫోను ఎత్తే మనిషి ఉండాలి.

6. నెగటివ్ వచ్చినవాళ్లకు నోటిమాట తప్ప ఏమీ ఇవ్వడం లేదు.

ఏం లేదు పో అంటారు. మళ్లీ ఆయాసం పెరిగితే, కాలు వాస్తే, కళ్లు తిరిగితే వెంటనే రావాలని తెలుగులో రాసిన చీటీ ఒకటి ఇస్తే, ఒకసారి ఏమీ లేదన్నారు కదా అని ఇంట్లో కూర్చునేవాళ్లు తగ్గుతారు.

ఇవీ మా జనం పడుతున్న అవస్థలు. ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్లకు దగ్గర. శ్రీశైలం నుంచి ఇంకా చాలా దూరం, మధ్యలో అడవి, ఘాటు రోడ్డు. 108 వచ్చినా అంత దూరం తీసుకుపోవడానికి పట్టే టైము మారదు. కాబట్టి ఎవరిని వెంటనే పంపాలి, ఎవరిని పంపనక్కర్లేదు అనేది దగ్గరి ఆసుపత్రిలోనే తేలాలి. గుండెపోటు విషయంలో మన రాష్ట్రంలో ఇది జరుగుతోంది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రికి పంపితే, అక్కడి డాక్టరు చూసి చెబితే ఇక్కడే ఇంజెక్షన్ ఇస్తున్నారు. గుండెకు చేయగలిగినవాళ్లం ఊపిరితిత్తులకు చేయలేమా?

మేము కోరుతున్నవి ఇవి.

1. ప్రతి ఎమర్జెన్సీ కేసు షీటులో వెల్స్ లేదా ఇయర్స్ ప్రశ్నలు అచ్చువేయించాలి. ఆ గడులు నింపకుండా డీ-డైమర్ చీటీ ల్యాబుకు రాకూడదు. అలా వచ్చిన చీటీని వెనక్కి పంపే హక్కు టెక్నీషియన్‌కు ఉండాలి.

2. అనుమానం బలంగా ఉన్నవాళ్లను, బీపీ పడిపోయినవాళ్లను డీ-డైమర్ కోసం ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. పంపేముందు హెపారిన్ ఇవ్వొచ్చో లేదో పెద్దాసుపత్రి డాక్టరును ఫోనులో అడిగి నిర్ణయించాలి. ఆ నంబరు ఎమర్జెన్సీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి, రాత్రి రెండింటికి చేసినా ఎత్తాలి.

3. ప్రతి ఏరియా ఆసుపత్రిలో అంకె చెప్పే డీ-డైమర్ మిషన్ 24 గంటలూ పనిచేయాలి, గంటలోపు రిపోర్టు రావాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్యూబు నుంచి నేరుగా కొలిచే చిన్న మిషన్లు ఉన్నాయి, వాటికి పెద్ద గది కూడా అక్కర్లేదు. అనవసరమైన సీటీలు తగ్గితే మిషన్ ఖర్చు అక్కడే మిగులుతుంది.

4. ప్రభుత్వ ల్యాబైనా, ప్రైవేటు ల్యాబైనా, రిపోర్టు మీద ఎఫ్‌ఈయూనో డీడీయూనో, ఏ పద్ధతిలో చేశారో, యాభై దాటినవాళ్లకు వయసు ప్రకారం హద్దు ఎంతో తప్పనిసరిగా ముద్రించాలి. గీత చూసి చెప్పే కార్డు టెస్టును ఎమర్జెన్సీలో ఈ పనికి వాడటం ఆపాలి.

5. ప్యాకేజీల నుంచి డీ-డైమర్‌ను తీసేయాలి. ఇది నేరుగా ల్యాబ్ యజమానులకు. రేపే చేయగలిగిన పని, ఆర్డరు కోసం చూడక్కర్లేదు.

6. గర్భిణులకు, బాలింతలకు వేరే పద్ధతి రాసి ప్రతి కాన్పు వార్డుకు పంపాలి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఆయాసం, ఒక కాలు వాపు, ఈ రెండు గుర్తులు చెప్పినా చాలా మేలు.

7. ఇంటికి పంపే ప్రతి రోగికీ తెలుగులో రాసిన జాగ్రత్తల చీటీ ఇవ్వాలి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోపు వీటిలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, ఎందుకు చేయరో రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. నేను రాసిన వైద్య విషయాల్లో ఎక్కడైనా పొరపాటు ఉంటే డాక్టర్లు బహిరంగంగానే చెప్పండి, దిద్దుకుంటాం. సగం నింపిన ట్యూబులు, యూనిట్ లేని రిపోర్టులు, రోగుల పేర్లు చెరిపేసి మా దగ్గర ఫైలు కట్టి ఉంచాం. ఎప్పుడు పిలిచినా ఆ ఫైలు పట్టుకుని వస్తాం.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, తోటి సిబ్బంది తరఫున
కర్నూలు జిల్లా